నిఘంటువు ఎప్పుడు, అనువాద యాప్ ఎప్పుడు?

మన పెద్ద తరగతి పిల్లల్లో కొందరు బడిలో ఫ్రెంచ్ కూడా చదువుతున్నారు. వాళ్ళలో ఒకరి అమ్మగారు ఆ ఫ్రెంచ్ టీచర్ ఇచ్చిన కాగితం ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టారు. ఏ మాటకి ఏ ఆన్‌లైన్ నిఘంటువు చూడాలి, క్రియారూపాలకి ఏది, వాక్యాలకి ఏది, అనువాద యాప్‌ని ఎంతవరకు నమ్మాలి, అంతా ఒకే పుటలో ఉంది. "తెలుగుకి కూడా ఇలాంటిదొకటి రాసివ్వండి టీచర్‌గారూ, ఇంట్లో మాకు తేలికవుతుంది" అన్నారు.

అరగంట పని అనుకున్నాను. ఫ్రెంచ్ పేర్లు తీసేసి తెలుగు పేర్లు పెడితే సరిపోతుందనుకున్నాను. పెట్టడం మొదలుపెట్టాక ప్రతి వరుసలోనూ ఎక్కడో ఒకచోట ఆగిపోయాను. అలా ఎందుకు ఆగిపోయానో చెప్పడమే ఈ వ్యాసం. ఆ కాగితం తప్పని కాదు. అది ఫ్రెంచ్‌కి సరిగ్గా సరిపోయే కాగితం.

ఫ్రెంచ్ నేర్చుకునే పిల్లవాడి అదృష్టం చూడండి. వర్డ్‌రెఫరెన్స్ 1999 నుంచి ఉంది. లారూస్, రోబేర్ లాంటి పెద్ద నిఘంటువులు డబ్బు కట్టకుండానే తెరుచుకుంటాయి. లింగీ 2009లో వచ్చింది. ఒక మాట కొడితే అది వాడిన ఫ్రెంచ్ వాక్యాలూ వాటి అనువాదాలూ పక్కపక్కనే చూపిస్తుంది. వీటన్నిటికంటే నాకు అసూయ కలిగించింది ఇంకొకటి. పాఠంలో 'వే' అనే క్రియ కనబడితే పిల్లవాడు దాన్ని ఉన్నదున్నట్టు కొడతాడు. నిఘంటువే వాణ్ణి 'అలే', అంటే వెళ్ళడం, అనే మూలరూపం దగ్గరికి తీసుకెళ్తుంది. అక్షరాల్లో రెండింటికీ పోలికే లేకపోయినా దారి తప్పడు.

మన పిల్లవాడికి ఆ చేయి పట్టుకునేవాళ్ళు లేరు. మూడో స్థాయి పాఠంలో "నాన్న ఇంకా రాలేదు" అనే వాక్యం ఉంది. ఒక పాప నిఘంటువులో వెతుక్కుని వచ్చి, "నాన్న ఇంకా కింద పడలేదు" అని అర్థం చెప్పింది. అందరం నవ్వాం, పాప కూడా నవ్వింది. కానీ ఆ పాప చేసినదాంట్లో తప్పేముంది? 'రాలేదు'కి దగ్గరగా నిఘంటువులో కనిపించింది 'రాలు'. ఆకులు రాలాయి, పువ్వులు రాలాయి. చాలా పద్ధతిగానే వెతికింది. 'రాలేదు' అసలు ఇల్లు 'వచ్చు' అని ఎవరైనా చెబితే తప్ప ఎలా తెలుస్తుంది? 'చూశాడు'కి 'చూచు', 'ఇస్తాను'కి 'ఇచ్చు', 'తెమ్మన్నారు'కి 'తెచ్చు', దాని వెనక 'అను'. మన భాషలో మాటకి మాట అతుక్కుంటూ పోతుంది. అతుకు ఎక్కడుందో తెలిసినవాళ్ళకే నిఘంటువు పనికొస్తుంది. తెలియని పిల్లలకి నిఘంటువు చూసుకో అని ఒట్టి మాటగా చెప్పడం అన్యాయమని నాకిప్పుడు అనిపిస్తుంది. చాలాకాలం నేను కూడా అలాగే చెప్పాను.

అందుకే నా మొదటి సూచన ఏ పేరూ కాదు. నిఘంటువు ఇంటిపని ఇచ్చేముందు తరగతిలో ఓ పదిహేను క్రియలకి మూలరూపాలు నోటికి రావాలి. రా-వచ్చు, ఇవ్వు-ఇచ్చు, చూడు-చూచు, తే-తెచ్చు, పో-పోవు, ఇలా. అది లేకుండా ఏ నిఘంటువు ఇచ్చినా ఒకటే.

ఇక పేర్లు. షికాగో విశ్వవిద్యాలయంవారి దక్షిణాసియా డిజిటల్ గ్రంథాలయంలో రెండు తెలుగు-ఇంగ్లీషు నిఘంటువులు ఉచితంగా దొరుకుతాయి. ఒకటి బ్రౌన్‌ది, అక్కడున్నది 1903 నాటి సవరించిన కూర్పు. రెండోది గ్విన్‌ది, ఆక్స్‌ఫర్డ్ ప్రచురణ, 1991. పేర్లు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి రెండూ ఒకటే అనుకుంటారు. మధ్యలో దాదాపు తొంభై ఏళ్ళున్నాయి. మన పిల్లలకి ఆ తొంభై ఏళ్ళే ముఖ్యం.

గ్విన్‌లో 'పుస్తకం' అని వెతికితే 'పుస్తకం' ఉంటుంది. బ్రౌన్‌లో అది 'పుస్తకము'. పిల్లలు 'ము' తగిలించడం తొందరగానే నేర్చుకుంటారు, దాంతో పెద్ద ఇబ్బంది లేదు. ఇబ్బంది పెట్టేది బండి-ఱ, అరసున్న. పాతకాలపు రాతలో చెరువు 'చెఱువు', గుర్రం 'గుఱ్ఱము', ఆరు 'ఆఱు'. 'ఏడు' అంటే అంకె, 'ఏఁడు' అంటే సంవత్సరం. చ మీద చిన్న రెండంకె వేసిన అక్షరం చూసి ఒక బాబు "ఇది కొత్త ఎమోజీనా?" అని అడిగాడు. ఇవన్నీ తెలుసుకోదగ్గవే, కాదనను. కానీ పదేళ్ళ పిల్లవాడు ఒక మాట అర్థం కోసం వచ్చి తెలుగు లిపి చరిత్రలో చిక్కుకుంటే మళ్ళీ నిఘంటువు ముఖం చూడడు. పిల్లల చేతికి గ్విన్ ఇవ్వండి. ఇంగ్లీషు వివరణలు చిన్నవి, మాటలు ఇప్పుడు పత్రికల్లో, కథల్లో కనిపించేవి.

ఆంధ్రభారతి నిఘంటు శోధన టీచర్లకి. ఒక్క మాట కొడితే శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు, బ్రౌన్, ఇంకా ఎన్నో ఒకేసారి జవాబు చెబుతాయి. ఇంతమంది కష్టపడి ఎక్కించిన ఆ సంపదని ఎంత మెచ్చుకున్నా తక్కువే. నేను పాఠం తయారుచేసుకునేటప్పుడు ఆ కిటికీ మూయను. కానీ పిల్లలకి అది తిరునాళ్ళలో తప్పిపోయినట్టు ఉంటుంది. బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరం 1885 నాటిది. అందులో తెలుగు మాటకి ఇచ్చిన తెలుగు అర్థమే మన పిల్లలకి అసలు మాటకంటే కష్టం. తల్లిదండ్రుల్లో తెలుగు మాధ్యమంలో చదివినవాళ్ళు మాత్రం ఒక రాత్రి సరదాగా కూర్చుని చూడండి, టైము తెలియదు. విక్షనరీ సంగతి ఒక్క మాటలో చెప్తాను: ఉన్న పుట బాగుంటే బాగుంటుంది, చాలా పుటలు ఒక్క ముక్క అర్థం ఇచ్చి ఊరుకుంటాయి.

ఇంతవరకు చదివి బ్రౌన్‌ని పక్కన పెట్టేశానని అనుకోకండి. అతని దగ్గరికి నన్ను మళ్ళీ పంపింది మన తరగతిలోని ఒక చిన్న గొడవ. అందులో తప్పు నాదే కాబట్టి చెప్పాలి.

ఇంట్లోని వస్తువుల పేర్లు రాసుకురమ్మని పని ఇచ్చాను. రాయచోటి వైపు కుటుంబం నుంచి వచ్చే పాప తలుపు బొమ్మ గీసి, పక్కన 'బీగం' అని రాసింది. నేను దాన్ని కొట్టేసి 'తాళం' అని రాశాను. మాది కృష్ణా జిల్లా. మా ఇంట్లో ఆ మాట నేనెప్పుడూ వినలేదు. పాప ఇంటికెళ్ళి ఒక అనువాద యాప్‌లో ఇంగ్లీషు మాట కొట్టింది, 'తాళం' అనే వచ్చింది. టీచరూ అదే చెప్పింది, ఫోనూ అదే చెప్పింది. "అమ్మా, నీకు తెలుగు సరిగ్గా రాదు" అనేసింది. తరవాత శుక్రవారం ఆ తల్లి నాతో ఈ మాట చెబుతూ నవ్వారు గానీ, "మాది పల్లెటూరి భాష కదండీ, మీరు నేర్పిందే నేర్చుకోనీయండి" అన్నారు. ఆ మాట నాకు ఆ రోజంతా అలాగే ఉండిపోయింది. ఇక్కడ ఉనైజాలో ఆ పాపకి తెలుగు వినిపించే నోరు ముఖ్యంగా ఒక్కటే, వాళ్ళమ్మది. ఆ నోరు మూతపడేలా నేనూ ఒక యాప్ కలిసి పనిచేశాం.

ఆ రాత్రి బ్రౌన్ నిఘంటువు తెరిచాను. 'బీగము' అక్కడుంది. అర్థం తాళమే. తాళంచెవికి 'బీగముచెవి' కూడా ఉంది. ఉండకేం? బ్రౌన్ 1820లో ఉద్యోగం మీద వెళ్ళింది కడపకే. ఆయన ఉన్న చోటే ఇప్పుడు ఆయన పేరుతో భాషా పరిశోధన కేంద్రం ఉంది. ఆయన పండితులని కూర్చోబెట్టుకుని తాళపత్రాలు ఎంత వెతికించాడో, ఊళ్ళో జనం మాట కూడా అంత చెవిన వేసుకున్నాడు. తరవాతి వారం ఆ పుట తెచ్చి తరగతిలో అందరికీ చూపించి, నా ఎర్రగీత నేనే కొట్టేశాను. పాప వాళ్ళమ్మగారు ఆ పుటని ఫోన్‌లో ఫొటో తీసుకున్నారు.

కాబట్టి బ్రౌన్ వాడవలసిన చోటు ఇది: పిల్లలు ఇంటి నుంచి తెచ్చిన మాట మీకు తెలియనప్పుడు, దాన్ని తప్పు అనే ముందు. అన్నీ అందులో ఉండవు. ముఖ్యంగా తెలంగాణ మాటలు చాలా దొరకవు. వాటికి నలిమెల భాస్కర్‌గారి తెలంగాణ పదకోశం చూడాలి. అక్కడా దొరకకపోతే మాట లేదని కాదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలు, 1962లో తెచ్చినప్పుడు ఆ మాటలు పుస్తకాల్లోంచి ఏరినవి కావు. జిల్లా జిల్లాలో రైతులని అడిగి రాసుకున్నవి. అంటే ఆ నిఘంటువుకి ఆధారం మన తాతల్లాంటి వాళ్ళే.

'షాప్' అనే మాట తీసుకోండి. మా ఇంట్లో కొట్టు. రాయలసీమవాళ్ళకి అంగడి. తెలంగాణలో దుకాణం, అక్కడ అంగడి అంటే వారానికోసారి జరిగే సంత. ఇక్కడి పిల్లలందరికీ వీధి చివర ఉండేది బఖాలా. తరగతిలో ఈ నాలుగూ బోర్డు మీద రాస్తే ఇరవై నిమిషాల మాటలు నడిచాయి, ఎవరూ చూడకుండా ఫోన్ తీయలేదు. అనువాద యాప్ అయితే ఒక మాట ఇచ్చి పని ముగించేది.

ఇప్పుడు యాప్‌ల సంగతి. నేను వాటికి శత్రువుని కాను. గూగుల్ అనువాదంలోకి తెలుగు 2011లో వచ్చింది. 2017లో న్యూరల్ పద్ధతికి మారింది. మొదటి రోజుల వాక్యాలు గుర్తున్నవాళ్ళకి ఇప్పటివి చూస్తే ఆశ్చర్యమే. తెలుగు చదవడం రాని తండ్రి (మనలో కొందరున్నారు, సిగ్గుపడే పని లేదు) పాఠం ఫొటో తీసి అర్థం తెలుసుకుని పిల్లలకి సాయం చేయగలుగుతున్నారు. తెలుగు నుంచి ఇంగ్లీషుకి, అర్థం కోసం, పెద్దవాళ్ళు వాడుకోవడానికి నాకు అభ్యంతరం లేదు.

అభ్యంతరం రెండో దిక్కున. పిల్లవాడు ఇంగ్లీషులో అనుకున్నది యాప్‌లో వేసి, వచ్చిన తెలుగుని చూసి రాసుకుని, దాన్ని తన తెలుగుగా ఇవ్వడం. ఫ్రెంచ్ టీచర్ కాగితంలో దీని గురించి 'జాగ్రత్తగా వాడండి' అని మాత్రమే ఉంది. ఫ్రెంచ్‌కి అది చాలేమో. వాళ్ళ ఫ్రెంచ్ చదివేది టీచర్ ఒక్కరే. మన పిల్లల తెలుగు చదివేవాళ్ళు వేరే ఉన్నారు.

అమ్మమ్మకో నాయనమ్మకో ఉత్తరం రాయమని వేసవి సెలవుల ముందు పని ఇచ్చాం. ఒక బాబు ఉత్తరం ఒక్క అక్షరదోషం లేకుండా వచ్చింది. "ప్రియమైన అమ్మమ్మ, నేను నిన్ను మిస్ అవుతున్నాను. మేము జులైలో వస్తున్నాము. మేము తిరుపతి వెళ్తాము." మార్కులు వేశాం. వాళ్ళు ఫొటో తీసి ఊరికి పంపారు. పక్కింటి అమ్మాయి చదివి వినిపించింది. ఆ రాత్రే ఫోన్ వచ్చింది: "అయితే కొండకి మీరే పోతారా నాయనా, నన్ను తీసకపోరా?"

బాబు ఏడుపు ముఖం పెట్టాడట. వాడి మనసులో ఉన్నది అవ్వని కూడా కలుపుకునే. ఇంగ్లీషులో 'వుయ్' అంటే చాలు, ఎవరు లోపల ఎవరు బయట అని చెప్పక్కరలేదు. ఫ్రెంచ్ 'నూ' కూడా అంతే, అరబ్బీ 'నహ్ను' కూడా అంతే. తెలుగులో తప్పించుకోవడానికి లేదు. 'మేము' అంటే నువ్వు కాక, 'మనం' అంటే నువ్వు కూడా. జులైలో వచ్చేది మేము, తిరుపతి వెళ్ళేది మనం. ఒకే ఉత్తరంలో పక్కపక్క వాక్యాల్లో మాట మారాలి. అవ్వ కూడా వస్తుందా లేదా అన్నది ఆ ఇంగ్లీషు వాక్యంలో లేదు. యాప్‌కి తెలిసే దారి లేదు. తరవాత మేం ఇంకో రెండు యాప్‌లలో ఆ వాక్యం వేసి చూశాం, అవీ 'మేము' అనే అన్నాయి. వాటి తప్పని కూడా అనలేను. తప్పు ఎక్కడంటే, ఆ నిర్ణయం చేయవలసినవాడు ఏడేళ్ళ నుంచి ఇంట్లో 'మనం' వింటూనే ఉన్నాడు, వాడికి ఆ తేడా తెలుసు. నోటితో అడిగితే తడుముకోకుండా చెప్పాడు. రాసేటప్పుడు మాత్రం వాణ్ణి ఎవరూ అడగలేదు.

ఆ ఉత్తరంలో ఇంకా ఉన్నాయి. వాడు ఆమెని పిలిచేది 'అవ్వ' అని. యాప్ అమ్మమ్మని చేసింది. నిజానికి ఆమె నాన్న తల్లి. 'మిస్ అవుతున్నాను' అన్నదాని గురించి ఫ్రెంచ్ చదివే పిల్లలే నాకు ఒక మంచి సంగతి చెప్పారు. ఫ్రెంచ్‌లో 'త్యు మ మాఁక్' అంటారట, అంటే వాక్యంలో కర్త నేను కాదు, నువ్వు. మనం కూడా అంతేగా: "అవ్వా, నువ్వు గుర్తొస్తున్నావు." గుర్తుకొచ్చేది అవ్వ. లేదా "నీ మీద బెంగగా ఉంది." ఇంగ్లీషు దారిన వెళ్ళడం వల్లే ఫ్రెంచ్‌కి దగ్గరగా ఉన్న తెలుగు కాస్తా దూరమైపోయింది. ఫ్రెంచ్ కాగితం నుంచి నేను నేర్చుకున్న వాటిలో ఇది నాకు అన్నిటికంటే నచ్చింది.

చుట్టరికాల దగ్గర ఇంకో వింత. అరబ్బీలో నాన్న సోదరుడు 'అమ్', అమ్మ సోదరుడు 'ఖాల్'. నాన్న సోదరి 'అమ్మ' (గొంతులోంచి పలకాలి, మన అమ్మ కాదు), అమ్మ సోదరి 'ఖాల'. మన బాబాయి, మేనమామ, మేనత్త, పిన్ని ఇంచుమించు ఆ నాలుగు గళ్ళలోనే కూర్చుంటారు. పెద్దా చిన్నా తేడా మాత్రం మనకి అదనం: పెదనాన్న వేరు, బాబాయి వేరు. మధ్యలో ఇంగ్లీషు 'అంకుల్, ఆంటీ' దూరిస్తే ఇటూ పోతుంది అటూ పోతుంది. బడిలో అరబ్బీ చదివే మన పిల్లలకి చుట్టరికాలు ఇంగ్లీషు మీదుగా కాకుండా అరబ్బీ పక్కన పెట్టి నేర్పండి. చాలా తొందరగా పట్టుకుంటారు. మాటలు కూడా అంతే. హాజరు, ఖాళీ, జవాబు, తారీఖు, హక్కు అన్నీ ఉర్దూ మీదుగా మనకి చేరిన అరబ్బీ మాటలే. 'మామూలు' కూడా. ఖర్జూరం కూరిన 'మఅమూల్' బిస్కెట్టు తింటూ ఇది చెబితే ఇక మర్చిపోరు.

ఖర్జూరం అన్నాను కాబట్టి ఇదొకటి. కసీమ్‌లో ఉండి ఖర్జూరం గురించి రాయకపోతే ఎలా అని, సుక్కరీ సీజన్‌లో పెద్ద పిల్లలకి పని ఇచ్చాను. అరబ్బీలో రంగు తిరిగి ఇంకా గట్టిగా ఉన్నదాన్ని ఖలాల్ అంటారు, మెత్తబడ్డది రుతబ్, ఎండి నిలవకొచ్చింది తమ్ర్. వీటికి తెలుగేమిటి? యాప్‌లో మూడింటికీ ఖర్జూరమే. మనకి మాటలు లేవు అని పిల్లలు తీర్మానించారు. ఇంట్లో అడిగి రమ్మన్నాను, కానీ ఖర్జూరం గురించి కాదు, మామిడి గురించి. పిందె, కాయ, దోర, పండు అని నాలుగు పట్టుకొచ్చారు. 'దోర' ఎవరికీ తెలియని మాట. గ్విన్‌లోనూ బ్రౌన్‌లోనూ వెతికించాను. ఆ వారం ఒకడు రాసిన వాక్యం: "ఖలాల్ అంటే దోర ఖర్జూరం, నాకు అదే ఇష్టం, కరకరలాడుతుంది." వ్యాకరణం కోసం ఒక్క గీత కూడా గీయలేదు నేను.

వచ్చే టర్ము నుంచి ఇలా చేద్దామని టీచర్లందరం అనుకున్నాం. మొదటి రెండు స్థాయిలకి ఏ ఆన్‌లైన్ సాధనమూ వద్దు, ఇంట్లో మనిషిని అడగడమే. మూడో స్థాయి నుంచి గ్విన్, అదీ తరగతిలో రెండుసార్లు కలిసి వెతికాకే. రాతపనికి అనువాద యాప్ వాడొద్దని ఊరికే చెబితే ఎవరూ వినరు కాబట్టి, పని ఇచ్చే పద్ధతే మారుస్తున్నాం: ముందు నోటితో చెప్పాలి, తల్లి గానీ తండ్రి గానీ ఆ మాటల్నే ఉన్నదున్నట్టు కాగితం మీద పెట్టాలి, ఆ తరవాత పిల్లలు దాన్ని చూసి రాసుకోవాలి. ఇందులో ఇంగ్లీషు మాటలు దొర్లితే దొర్లనీయండి. టీచర్లు దిద్దేటప్పుడు వాక్యం వాక్యానికి 'నేను' కనబడితే, అది యాప్ తెలుగై ఉండొచ్చని అనుమానించి, పిల్లల్ని పక్కకి పిలిచి నోటితో చెప్పించండి. మందలించొద్దు. తెలియని మాట కనబడితే దాని కింద చుక్క పెట్టండి, కొట్టేయకండి. చుక్క పెట్టిన మాటలన్నీ తరగతి వెనక గోడకి తగిలించిన నోటుపుస్తకంలోకి వెళ్తాయి. మాట, ఏ ఊరిది, ఎవరు చెప్పారు. మొదటి పుటలో మొదటి మాట బీగం. ఆ వరుస ఆ పాప వాళ్ళమ్మగారే రాశారు.

ఉత్తరం రాసిన బాబు మళ్ళీ రాశాడు. ఈసారి రెండు అక్షరదోషాలున్నాయి. "అవ్వా, మేము జులైలో వస్తాం. మనం కొండకు పోదాం. నువ్వు రెడీగా ఉండు."